గంటకో ఇస్తికానా

కువైట్‌లో వంటపనికి కుదిరే మా రాజంపేట, రాయచోటి, కోడూరు పక్క ఆడవాళ్లకు మచ్బూస్ వండటం నెల తిరక్కుండానే వచ్చేస్తుంది. అన్నం పలుకుగా ఉడకాలి, మాంసం ఎముక వదలాలి, ఎండునిమ్మకాయ పులుపు దిగాలి, అంతే. ఏళ్ల తరబడి వంటగదిలో ఉన్నా చేతకానిది వేరే ఉంది. కడుపు కోయించుకుని ఇంటికొచ్చిన మనిషికి తాగించడం, తినిపించడం. ఖాదిం వీసా (ఇంటిపని వీసా) ఇప్పించే ఏజెంటు ఈ పని గురించి చెప్పడు, అగ్రిమెంటులో ఉండదు. కానీ కువైటీల ఇంట్లో పనిచేసే మనిషికి ఎప్పుడో ఒకప్పుడు మీద పడుతుంది.

ఊబకాయం ఎక్కువగా ఉన్న దేశాలను లెక్కేస్తే కువైట్ పేరు ఎప్పుడూ పైనే ఉంటుంది. బరువు తగ్గే ఆపరేషన్లు అమీరి లాంటి సర్కారు ఆసుపత్రుల్లోనూ చేస్తారు, ప్రైవేటులోనూ చేస్తారు. ఎక్కువగా జరిగేది తక్మీమ్, మన హైదరాబాదులో స్లీవ్ అనేది. కడుపు సంచిలో నాలుగింట మూడొంతులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే కోసి తీసేసి, అరటికాయంత సన్నటి గొట్టం మిగులుస్తారు. రెండోది తహ్వీల్, అంటే బైపాస్. అందులో పైన చిన్న సంచి కట్టి, పేగును పైకి తెచ్చి దానికి కలుపుతారు.

నేను పనిచేసిన ఇంట్లో మేడంకు తక్మీమ్ అయింది, ఆమె తమ్ముడికి తహ్వీల్ అయింది. ఆ తర్వాత వాళ్ల చుట్టాల్లో ఎవరికి ఆపరేషన్ అయినా మొదటి రోజులకు నన్ను పిలిపించుకునేవాళ్లు. అక్కడ తెలుసుకున్నవి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నా. డాక్టరో డైటీషియనో ఇచ్చిన కాగితం ఒకటి చెప్పి నేను ఇంకొకటి చెప్తే, కాగితాన్నే నమ్మండి. నేను చెప్పేది ఆ కాగితాన్ని వంటింట్లో అమలు చేయడం ఎలాగన్నదే.

1. నీళ్లు ముందు, ప్రొటీన్ తర్వాత. మిగిలినవన్నీ ఎంతో వెనక.

ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: "ఏమైనా తిన్నదా?" అమ్మ అడుగుతుంది, అత్త అడుగుతుంది, ఫోన్లో చెల్లెలు అడుగుతుంది. ఎంత తాగింది అని ఎవరూ అడగరు. కానీ ఈ ఆపరేషన్ అయినవాళ్లు మొదటి వారాల్లో మళ్లీ ఆసుపత్రి పాలయ్యేది చాలావరకు వాంతుల వల్ల, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం వల్ల. తిండి నాలుగు రోజులు తక్కువైనా ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరుగుతుంది, దానికోసమే కదా కోయించుకున్నది. నీళ్లకు అలాంటి నిల్వ లేదు.

డైటీషియన్లు చెప్పే లెక్క రోజుకు కనీసం లీటరున్నర. పైకి చిన్న లెక్కే. కానీ తక్మీమ్‌లో మిగిలిన కడుపులో పట్టేదే 100 నుంచి 150 మిల్లీలీటర్లు. కోసిన కొత్తలో వాపు ఉంటుంది కాబట్టి అదీ పట్టదు. మామూలు మనిషి ఎండనుంచి వచ్చి చెంబెత్తి గటగటా తాగినట్టు తాగితే, రొమ్ము కింద పట్టేసి నొప్పి పుడుతుంది, తాగినదంతా వెనక్కి వస్తుంది. ఒకసారి అలా అయ్యాక మనిషి నీళ్లంటేనే భయపడుతుంది. భయపడి తగ్గిస్తుంది. తగ్గిస్తే ఒళ్లు ఎండి వికారం ఇంకా పెరుగుతుంది. వికారం పెరిగితే ఇంకా తాగదు. ఈ సుడిలో పడకుండా చూడటమే సగం పని.

కువైటీల ఇంట్లో చాయ్ తాగే చిన్న గాజుగ్లాసు ఉంటుంది, ఇస్తికానా. మా ఇంట్లోది మందుల కొలగ్లాసుతో కొలిస్తే 100 మిల్లీలీటర్లు పట్టింది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి రాత్రి పదింటికి ఆపితే పదిహేను గంటలు. గంటకో ఇస్తికానా అంటే లీటరున్నర. పెద్ద సీసా మంచం పక్కన పెట్టి "ఇది సాయంత్రానికల్లా అయిపోవాలి" అంటే జబ్బు మనిషికి కొండలా కనిపిస్తుంది. ఇస్తికానా పెట్టి "ఇది గంట లోపల" అంటే గుక్కగుక్కగా పూర్తి చేస్తుంది. గుక్క అంటే నాలుక తడిసేంత, రెండు చెంచాలకు మించకూడదు. గుక్కకీ గుక్కకీ మధ్య రెండు మూడు నిమిషాలు. ఖాళీ గ్లాసు తీసుకుని వంటగదిలోకి వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు మీద కాగితం మీద ఒక గీత. రాత్రికి గీతలు లెక్కపెడితే సరి, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడనక్కర్లేదు.

మొదటి రెండు మూడు రోజులు పదిహేను గీతలు రావు. సెలైన్ ఎక్కించి పంపుతారు కాబట్టి కొంత నడుస్తుంది. కానీ వారం దగ్గరపడుతున్నా ఏడెనిమిది గీతల దగ్గరే ఆగిపోతే ఆసుపత్రికి ఫోన్ చేయించాలి.

2. దాహం వేస్తే అడుగుతుందిలే అనుకోవద్దు.

ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తక్మీమ్‌లో కోసి తీసేసే పైభాగంలోనే. అందుకే తక్మీమ్ అయినవాళ్లకు కొన్నాళ్లు ఆకలన్నదే తెలియదు. ఇక దాహం సంగతి. కువైట్ ఇళ్లల్లో ఏసీ పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. చెమట పట్టదు, పెదవులు మాత్రం పగులుతాయి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీలు కాచింది, ఆసియా అంతటిలో నమోదైన అతి పెద్ద ఎండల్లో అదొకటి. అలాంటి ఎండలో కారు దాకా నడిచినా ఒంట్లో నీళ్లు పోతాయి. లోపలికొచ్చి చల్లగా కూర్చుంటే పోయినట్టే తెలియదు. అడిగితే ఇద్దామనుకుంటే వాళ్లు అడగరు, మీరు ఇవ్వరు.

స్నానాల గది సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలం మిద్దె మీద ట్యాంకు నీళ్లు సలసలా కాగిపోయి కుళాయిలో పొగలు కక్కుతూ వస్తాయి. మనవాళ్లంతా చేసే పని హీటరు ఆపేసి అందులో నిలిచిన నీళ్లు వాడటం. ఆపరేషన్ మనిషికి తప్పకుండా అలాగే చేయండి. నీళ్లు చాలని ఒంటికి వేడినీళ్ల స్నానం కళ్లు తిప్పుతుంది. తలుపుకు లోపల గడియ వేయనివ్వద్దు. మర్యాద తక్కువని వాళ్లు అనుకున్నా ఫర్లేదు.

3. ఉత్త నీళ్లు దిగకపోతే నీళ్ల రూపం మార్చండి.

చాలామందికి కోసిన తర్వాత ఉత్త నీళ్లు బరువుగా తగులుతాయి. మంచులా చల్లగా ఉంటే కొందరికి పట్టేస్తుంది, గోరువెచ్చగా ఇస్తే హాయిగా దిగుతుంది. కొందరికి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. రెండూ ఇచ్చి చూడండి. కీరదోస ముక్కా పుదీనా రెమ్మా వేసి నానబెట్టి వడగట్టిన నీళ్లు, పలచటి సోంపు కషాయం (వాళ్లు యాన్సూన్ అంటారు), బాబూనజ్ పూల కషాయం ఆ ఇళ్లల్లో ఎప్పుడూ ఉంటాయి. మన పక్క నుంచి నేను తెచ్చుకున్న విద్య ఒక్కటే, కారం లేని పలచటి చారు. టమాటా కొంచెం, జీలకర్ర, చిటికెడు ఉప్పు వేసి మరగనిచ్చి గుడ్డలో వడగట్టేదాన్ని. మిరియం మొదటి నెల అసలు లేదు. మేడం అత్తగారు దాన్ని "హిందీ షోర్బా" అని పేరు పెట్టి తనూ తాగేది, ఆమెకు ఏ ఆపరేషనూ కాకపోయినా.

లెక్కలో వేసుకునేవి: నీళ్లు, కషాయం, చారు, వడగట్టిన సూపు, పాలు, పలచటి లబన్ (మజ్జిగ లాంటిది). లెక్కలో వేసుకోకూడనివి, అసలు ఇవ్వకూడనివి: విమ్టో, పెప్సీ, చక్కెర దట్టించిన కరక్ చాయ్, డబ్బా రసాలు. గ్యాసు ఉన్నవి కడుపును ఉబ్బిస్తాయి. తీపివి, ముఖ్యంగా తహ్వీల్ అయినవాళ్లకు, గబుక్కున పేగులోకి జారి గుండె దడ, చెమట, విరేచనం తెస్తాయి. డంపింగ్ అంటారు దాన్ని. మేడం తమ్ముడు ఒకసారి పండగ రోజు అరగ్లాసు విమ్టో తాగి గంటసేపు సోఫా మీద చెమటలు కక్కాడు. ఆ తర్వాత అతని దివానియాలో (మగవాళ్లు కూడే గదిలో) విమ్టో సీసా కనబడలేదు. కాఫీ, టీ ఎప్పటినుంచి తాగవచ్చో ఆసుపత్రికో రకంగా చెప్తారు, కాగితం చూడండి.

4. సూపులో బలం ఉందన్న మాట నమ్మకండి.

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేచీలన్నీ ఇక్కడే వస్తాయి.

ప్రొటీన్ లెక్క మామూలుగా రోజుకు 60 నుంచి 80 గ్రాములు. మనిషి ఎత్తునూ ఉండాల్సిన బరువునూ బట్టి డైటీషియన్ ఇంకాస్త పెంచవచ్చు. బరువు వేగంగా తగ్గేటప్పుడు ప్రొటీన్ అందకపోతే ఒళ్లు కొవ్వుతో పాటు కండనూ కరిగిస్తుంది. కోసిన చోట మానడానికీ అదే కావాలి. 60 గ్రాములు ప్రొటీన్ అంటే 60 గ్రాముల కోడి అని అనుకునే పనివాళ్లను చూశాను. 30 గ్రాముల ఉడికిన కోడిలో ఉండేది ఎనిమిది తొమ్మిది గ్రాములే. గుడ్డుకు ఆరు. 100 మిల్లీలీటర్ల పాలలోనో లబన్‌లోనో మూడు పైచిలుకు. గట్టి గ్రీకు పెరుగు 100 గ్రాములకు తొమ్మిది పది. రెండు పెద్ద చెంచాల లబ్నెలో (నీరు వడకట్టిన గట్టి పెరుగులో) రెండు మూడు. ప్రొటీన్ పొడి ఒక కొలచెంచాకు 20 నుంచి 25 దాకా, డబ్బా వెనక రాసి ఉంటుంది. ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి.

ఇప్పుడు సూపు. కోడి ఎముకలు మూడు గంటలు మరిగించి వడగట్టిన మరగ్ కప్పు పట్టించి, "అమ్మకు మంచి బలం ఇచ్చాను" అనుకుంటారు. వాసన బాగుంటుంది, ఉప్పూ నీళ్లూ అందుతాయి, ప్రొటీన్ మాత్రం అందులో చాలా తక్కువ. బలమంతా మీరు వడగట్టి పారేసిన పీచులోనే ఉంది. మన పప్పుకట్టూ అంతే. పెసరకట్టు పైన తేటను తాగిస్తే నీళ్ల గీత ఒకటి పడుతుంది, ప్రొటీన్ గీత పడదు. మొదటి రోజుల్లో తేటే ఇవ్వాలి, వేరే దారి లేదు. చిక్కటి ద్రవాలు ఇవ్వొచ్చని డాక్టరు చెప్పిన రోజు నుంచి మాత్రం సూపును నమ్ముకోవద్దు. ఉడికిన కోడిని అదే మరగ్‌లో వేసి మిక్సీలో మెత్తగా తిప్పి ఇచ్చేది ఎప్పుడో అడగండి. సాధారణంగా రెండో వారం దాటాక అంటారు. షోర్బత్ అదస్, అంటే ఎర్ర కందిపప్పు సూపు, ఆ ఇళ్లల్లో అందరికీ అలవాటైన రుచి. దాన్ని నిమ్మకాయ పిండి, నూనె లేకుండా, చిక్కగా ఇస్తే పేచీ ఉండదు.

పాలల్లో దాచడం ఇంకో పద్ధతి. 200 మిల్లీలీటర్ల కొవ్వు తీసిన పాలల్లో రెండు పెద్ద చెంచాల కొవ్వు తీసిన పాలపొడి కలిపితే ఆరేడు గ్రాములు ఉండేది పదకొండు పన్నెండు అవుతుంది, పరిమాణం పెరగదు. ఈ కిటుకు డైటీషియన్లకు తెలిసిందే, వంటవాళ్లకే తెలియదు. ప్రొటీన్ పొడిని మాత్రం పొయ్యి మీద ఉన్న దాంట్లో వేయకండి, విరిగి గడ్డలు కడుతుంది. దించి, వేలు పెట్టి ఓర్చుకునేంత చల్లారాక, ముందు కొంచెం నీళ్లలో పేస్టులా కలిపి తర్వాత పోయాలి. ఒక్క కొలచెంచాను ఒకేసారి తాగలేరు. సగం పొద్దున, సగం మధ్యాహ్నం.

మెత్తటి తిండికి వచ్చాక మేడంకు నడిచిన ఒక రోజు ఇలా ఉండేది. పొద్దున మెత్తగా గిలకొట్టిన గుడ్డు, ఆరు. పాలపొడి కలిపిన పాలు రెండు విడతలుగా, పన్నెండు. ప్రొటీన్ పొడి రెండు విడతలుగా, ఇరవై రెండు. గ్రీకు పెరుగు చిన్న గిన్నె, తొమ్మిది. సాయంత్రం మిక్సీ పట్టిన కోడి రెండు పెద్ద చెంచాలు, ఎనిమిది. రాత్రి పలచటి లబన్ ఒక ఇస్తికానా, మూడు. మొత్తం అరవై. చూడటానికి తిండేనా ఇది అనిపిస్తుంది, కానీ ఆ కడుపుకు అదే నిండు భోజనం. జామియాలో (కోఆపరేటివ్ స్టోరులో) దొరికే కొల్లాజెన్ పొడిని ప్రొటీన్ అనుకుని కొనేవాళ్లున్నారు. ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలు అన్నీ అందులో లేవు. పాల నుంచి తీసిన వే పొడే నయం.

5. శాకాహారం ఇంట్లో లెక్క ఇంకా గట్టిగా ఉండాలి.

సాల్మియాలో ఉండే మన తెలుగు కుటుంబంలో ఒకామెకు హైదరాబాదులో స్లీవ్ చేయించారు. మాంసం, గుడ్డు ముట్టరు. శుక్రవారం నాకు సెలవు, వెళ్లి వండి పెట్టేదాన్ని. పప్పు, పెరుగు ఉన్నాయి కదా, చాలవా అని ఆమె భర్త అడిగాడు. గట్టిగా ఉడికించిన పప్పు 100 గ్రాములకు ఏడెనిమిది గ్రాములు, మామూలు పెరుగు 100 గ్రాములకు మూడున్నర. ఆమె పూటకు తినగలిగేది మూడు నాలుగు చెంచాలు. ఎలా చాలుతుంది? పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీసి నీరు కార్చి గట్టి చేసి పెట్టేదాన్ని. 30 గ్రాముల పనీరులో ఐదారు గ్రాములు ఉంటాయి, పాలల్లో వేసి మిక్సీ పట్టి, ఉప్పు జీలకర్ర వేసి ఇస్తే దిగేది. మీల్‌మేకర్ నానబెట్టి పిండి మెత్తగా రుబ్బి పప్పులో కలిపేదాన్ని, అది తర్వాతి నెలలో. ఇంత చేసినా పొడి లేకుండా అరవై దాటలేదు.

రాగిజావ గురించి అందరూ అడుగుతారు. మా పక్క రాగి లేనిదే పొద్దు గడవదు, దాని మీద నాకేం కోపం లేదు. కానీ జావలో ఎక్కువ ఉండేది పిండిపదార్థం. పాలు పోసి కాచి నీళ్ల లెక్కలో ఒక గ్లాసు వేసుకోండి, ప్రొటీన్ లెక్కలో పాలకు పడేదే పడుతుంది. అన్నం సంగతి ఇంకా చివర. కంచంలో ముందు పప్పో పనీరో తిన్నాక చోటుంటే కూర, అప్పటికీ చోటుంటే ఒక ముద్ద అన్నం. మన ఇళ్లల్లో ఈ వరస తిరగేయడమే అన్నిటికంటే కష్టం. అన్నం తినకపోతే భోజనం చేయలేదనే అనుకుంటాం.

6. తినేటప్పుడు నీళ్లు కంచం దగ్గరే ఉండకూడదు.

మొదటి ముద్దతోనే నీళ్ల గ్లాసు కోసం చెయ్యి వెళ్తుంది, మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ కడుపులో రెంటికీ చోటు లేదు. నీళ్లు తాగితే ప్రొటీన్ పట్టదు, లేదా రెండూ కలిసి వెనక్కి వస్తాయి. తిన్నాక అరగంట ఆగి మళ్లీ ఇస్తికానా మొదలు. తినే ముందు కూడా కొంచెం విడుపు. ఆ అరగంటలన్నీ పోతే నీళ్లకు మిగిలే సమయం తగ్గుతుంది కాబట్టి, మధ్యలో ఉన్న గంటల్లో ఒక్క గీత కూడా తప్పనివ్వకూడదు.

చాయ్ చెంచాతో తినిపించండి, పెద్ద చెంచా దాచేయండి. పూటకు ఇరవై ముప్పై నిమిషాలు. కడుపు చాలు అన్నప్పుడు "చాలు" అనే మాట వినపడదు. ఒక్కొక్కరికి ఎక్కిళ్లు, ఒక్కొక్కరికి ముక్కు కారడం, కొందరికి తుమ్ములు, రొమ్ము మధ్యలో బరువు. మేడంకు ముక్కు కారేది. టిష్యూ కోసం చెయ్యి చాచిందంటే నేను గిన్నె తీసేసేదాన్ని. "ఇంకా రెండు చెంచాలే" అని అత్తగారు బతిమాలేది. ఆ రెండు చెంచాలే తర్వాత బేసినులో పడేవి.

7. వాంతులు ఆగకపోతే యజమాని మాట కోసం ఎదురుచూడకండి.

ఒకటీ అరా వాంతి గబగబా తినడం వల్ల అయి ఉండవచ్చు. రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే అది ఆసుపత్రి పని. మూత్రం చాయ్ రంగుకు తిరిగినా, పొద్దున్నుంచి ఒక్కసారే వెళ్లినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా ఒంట్లో నీళ్లు లేవని అర్థం. జ్వరం, కూర్చున్నా తగ్గని గుండె దడ, పెరుగుతూ పోయే కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి వస్తే ఇంకా తొందరపడాలి. కుట్టిన చోట కారుతుండవచ్చు. రోజుల తరబడి వాంతులైనవాళ్లలో బి1 విటమిన్ అడుగంటుతుంది. మాట తడబడటం, మత్తుగా ఉండటం, చూపు రెండుగా కనబడటం, నడక తూలడం మొదలైతే అది మెదడుకు వచ్చిన ముప్పు. అక్కడ గ్లూకోజ్ ఎక్కించే ముందే బి1 ఇవ్వాలి కాబట్టి, "ఈమెకు తక్మీమ్ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు" అని ఎమర్జెన్సీలో మొదటి మాటగా చెప్పండి. కువైట్‌లో అంబులెన్సుకైనా పోలీసుకైనా నంబరు 112.

పనిమనిషి మాట ఎవరు వింటారు అంటారు మీరు. వినేలా చెప్పడానికే ఫ్రిజ్ మీద కాగితం. "మేడంకు బాగోలేదు" అంటే "రేపు చూద్దాం" అంటారు. "నిన్న నాలుగు గీతలు, ఇవాళ రెండు, వాంతి ఆరుసార్లు" అంటే సార్ కారు తాళాలు అందుకుంటాడు. ఇది నేను కళ్లారా చూసింది.

8. మందుల పెట్టె మీ చేతిలో ఉంటే రెండు సంగతులు.

క్యాల్షియం, ఐరన్ ఒకేసారి వేయకండి, మధ్యలో రెండు గంటలు ఎడం. బి12, డి విటమిన్ బరువు తగ్గాక కూడా మానేవి కావు, తహ్వీల్ అయినవాళ్లకు మరీను. తలనొప్పి అంటే ప్రతి ఇంట్లో సొరుగులో ఉండే బ్రూఫెన్ ఇవ్వొద్దు, కడుపులో పుండు పడుతుంది. పనడాల్ మేలు. షుగరుకూ బీపీకీ వాడే పాత మాత్రలు తిండి తగ్గాక ఎక్కువైపోతాయి, ముఖ్యంగా మూత్రం ఎక్కువ చేసేవి. మోతాదు మార్చారో లేదో డాక్టర్ని అడిగించండి.

9. రంజాను.

మొదటి నెలల్లో ఉపవాసం వద్దంటారు డాక్టర్లు. జబ్బు మనిషికి మతమూ మినహాయింపు ఇచ్చింది, తర్వాత తీర్చుకోవచ్చు. కానీ ఇల్లంతా ఉపవాసం ఉంటే తాను ఒక్కతే గ్లాసు పట్టుకోవడానికి మనిషికి సిగ్గుగా ఉంటుంది. మేడంకు గదిలోకే ఇస్తికానా తీసుకెళ్లేదాన్ని, గ్లాసు మీద గుడ్డ కప్పి. పిల్లల ముందు తాగమని ఒత్తిడి చేయలేదు.

తర్వాతి ఏళ్లలో ఉన్నవాళ్లకు కూడా ఇఫ్తార్ నుంచి సుహూర్ దాకా ఉన్న కాస్త సమయంలో లీటరున్నర పట్టించాలి. ఖర్జూరంతో మొదలుపెట్టడం వాళ్ల ఆచారం. ఒకటి చాలు, అదీ నమిలి నమిలి. సంబూసా (సమోసా), లుఖైమాత్ (పాకంలో ముంచిన తీపి ఉండలు) పళ్లెం పక్కకు జరిపి హరీస్ పెట్టండి. గోధుమా మాంసమూ కలిపి గంటలకొద్దీ ఉడికించి మెదిపిన వంట అది, మెత్తగా జారుతుంది, ప్రొటీనూ ఉంది. పైన పోసే నెయ్యీ చక్కెరా మాత్రం వేరే గిన్నెలో పెట్టండి, కావలసినవాళ్లు వేసుకుంటారు. గబ్గా విందుకు అర్ధరాత్రి చుట్టాలొస్తే మేడం చేతిలో ఎప్పుడూ లబన్ గ్లాసు ఉండేలా చూసేదాన్ని. చేతిలో గ్లాసు ఉన్న మనిషికి ఎవరూ పళ్లెం అందించరు.

10. జుట్టు రాలితే కంగారు పడకండి, కానీ లెక్క ఒకసారి చూసుకోండి.

మూడో నెల దాటాక దువ్వెన నిండా వస్తుంది. కువైట్‌లో జుట్టు రాలితే ప్రతివాళ్లూ నీళ్లను తిడతారు, సముద్రం నీళ్లు శుద్ధి చేసి ఇస్తారు కదా, దానివల్లే అని. ఇది ఆ రాలడం కాదు. ఆపరేషన్ అనే దెబ్బకు, వేగంగా బరువు తగ్గడానికి ఒళ్లు ఇచ్చే జవాబు. కొన్ని నెలలకు ఆగి మళ్లీ మొలుస్తుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే మాత్రం ఎక్కువ రాలుతుంది, ఎక్కువ కాలం రాలుతుంది.

11. సెలవు మీద ఇండియా వెళ్లి కోయించుకునే మనవాళ్లకు.

ఇది వంటవాళ్లకు కాదు, ఫర్వానియాలోనూ అబ్బాసియాలోనూ మంగాఫ్‌లోనూ ఉండే మన తమ్ముళ్లకు. నెల సెలవు పెట్టి హైదరాబాదులోనో చెన్నైలోనో ఆపరేషన్ చేయించుకుని, కుట్లు ఆరీ ఆరకముందే విమానం ఎక్కుతారు. ఊళ్లో అమ్మో భార్యో గ్లాసు చేతికిచ్చింది. ఇక్కడ రూములో ఆరుగురు, వంట వంతులవారీగా, పప్పులో కారం అందరికీ సరిపడా. మీ వంతు రోజున మీకు కావలసింది మీరే మెత్తగా చేసి డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మిగతా రోజులకు పాలపొడి, గ్రీకు పెరుగు, గుడ్లు, వే డబ్బా మీ సొంత అరలో ఉండాలి. బకాలాలో (వీధి కిరాణా కొట్టులో) అన్నీ దొరుకుతాయి.

బయట ఎండలో పనిచేసేవాళ్లు తాము తిరిగి వచ్చే నెల ఏదో చూసుకుని మరీ ఆపరేషన్ పెట్టుకోవాలి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట పని చేయించకూడదని కువైట్ నిబంధన ఉంది. అది అందరికీ ఉన్న రక్ష, కోసిన కడుపు ఉన్నవాళ్లకు అది చాలదు. జూలైలో పొద్దున తొమ్మిదికే సైటు మీద నిలబడితే ఒళ్లు అడిగేన్ని నీళ్లను ఆ చిన్న సంచి గుక్కల్లో అందించలేదు. చేతనైతే నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. బరువులు ఎత్తే పనికి నాలుగు నుంచి ఆరు వారాలు దూరంగా ఉంచమని డాక్టరు రాస్తారు, ఆ కాగితాన్ని ఇంగ్లీషులో, ఆసుపత్రి ముద్రతో తెచ్చుకోండి. ఫోర్‌మన్‌కు నోటితో చెప్తే సరిపోదు. ఎయిర్‌పోర్టులో తనిఖీ దాటాక నీళ్ల సీసా కొనుక్కుని సీట్లో చేతికందేలా పెట్టుకోండి. కాళ్లు కదపడానికి మధ్య దారి పక్క సీటు అడగండి. దిగాక రూముకు వెళ్లే దారిలో టాక్సీ ఆపించి లబన్ కొనుక్కోండి, రూములో ఎవరూ మీకోసం కొని పెట్టి ఉండరు.